బాయిలర్ నుంచి ట్రాప్ దాకా: స్టీమ్ పని నేర్చుకోవడం ఎలా?

దేవనహళ్ళి అనగానే ఇప్పుడు అందరికీ విమానాశ్రయం, ఏరోస్పేస్ పార్కు గుర్తొస్తాయి. ఇదే తాలూకాలోని విజయపుర, ఆ పక్కనే ఉన్న శిడ్లఘట్ట మాత్రం పట్టుగూళ్ళ మార్కెట్ల మీద బతికే ఊళ్ళు. అక్కడ పట్టు తీసే యూనిట్లలో, దొడ్డబళ్ళాపురం గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, చిక్కబళ్ళాపురం డెయిరీలో, విమానాశ్రయం చుట్టూ వెలసిన హోటళ్ళ లాండ్రీల్లో పని నడిపించేది ఆవిరి. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా చదివి ఇటు వచ్చే మన పిల్లలు కొందరు తొలి ఉద్యోగంగా బాయిలర్ హౌస్‌లో అడుగు పెడతారు. చేతికి స్పానర్ ఇచ్చేవాళ్ళు ఉంటారు గానీ, ఏ పైపు ఎందుకుందో కూర్చోబెట్టి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. వాళ్ళ కోసమే ఇది.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోండి. స్టీమ్ పని అంటే సగానికి పైగా నీళ్ళ పని. బాయిలర్‌లోకి వెళ్ళే నీళ్ళు, బాయిలర్‌లో నిలిచిన నీళ్ళు, లైన్‌లో ఆవిరి చల్లబడి దిగిన నీళ్ళు, తిరిగి ట్యాంకుకు చేరే నీళ్ళు. ఈ నాలుగింటి దారి తెలిసినవాడికి సిస్టమ్ తెలిసినట్టే.

1. ముందు అంకెలు తెలుసుకోండి

కిలో నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 100 కిలోకేలరీలు చాలు. అదే నీరు ఆ 100 డిగ్రీల దగ్గరే ఆవిరిగా మారాలంటే ఇంకో 540 కావాలి. ఈ 540 థర్మామీటర్‌లో కనబడదు. అందుకే దాన్ని గుప్తోష్ణం అంటాం. ఆవిరి ఆ వేడిని మోసుకెళ్ళి, తనకంటే చల్లటి లోహం తగిలిన చోట దింపేసి, మళ్ళీ నీరవుతుంది. ఫ్యాక్టరీ డబ్బు పెట్టి కొనుక్కునేది ఈ దింపుడునే. ఆవిరి నీరైన చోట పని జరిగింది. ఆవిరిగానే బయటికి పోయిందంటే కట్టెల డబ్బు గాల్లో కలిసింది.

ప్రెషర్‌ను ఇక్కడ అందరూ కేజీల్లో చెప్తారు. చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలు అని దాని అర్థం. గేజ్ మీద 3 కేజీలుంటే ఆవిరి దాదాపు 143 డిగ్రీలు, 7 ఉంటే 170, 10 ఉంటే 183. తడి ఆవిరిలో ప్రెషర్, ఉష్ణోగ్రత జంటగా కదులుతాయి. ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే. ప్రెషర్ పెరిగే కొద్దీ ఆవిరి తక్కువ చోటులో ఇముడుతుంది. మామూలు వాతావరణ ప్రెషర్‌లో కిలో ఆవిరికి 1.67 ఘనపు మీటర్ల చోటు కావాలి, 7 కేజీల దగ్గర 0.24 చాలు. అందుకే ఎక్కువ ప్రెషర్‌లో తయారుచేసి సన్నటి పైపులో పంపుతాం.

దేవనహళ్ళిలో పనిచేసేవాళ్ళు ఇంకో అంకె తెలుసుకోవాలి. విమానాశ్రయం సముద్ర మట్టానికి దాదాపు 915 మీటర్ల ఎత్తున ఉంది. ఇంత ఎత్తులో మూతలేని తొట్టిలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పట్టుగూళ్ళు ఉడికించే తొట్టిలోకి ఎంత స్టీమ్ వదిలినా 97 దాటదు. ఆ పైన తిప్పిన వాల్వు షెడ్డును పొగమంచుతో నింపుతుందే తప్ప గూళ్ళను త్వరగా ఉడికించదు. నీళ్ళు తెర్లడం మొదలవగానే వాల్వు తగ్గించాలి. మూసిన లైన్‌లో మాత్రం ఈ ఎత్తు ప్రభావం ఒక డిగ్రీ దరిదాపే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

2. కాగితం మీద గీత గీయండి

మొదటి వారం ఏ వాల్వూ ముట్టుకోకండి. కాగితం, పెన్సిలు పట్టుకుని బోరుబావి దగ్గర మొదలుపెట్టి పైపు వెంట నడవండి. సాఫ్ట్‌నర్, ఫీడ్ ట్యాంకు, ఫీడ్ పంపు, బాయిలర్, మెయిన్ స్టాప్ వాల్వు, హెడ్డర్, అక్కడి నుంచి విడిపోయే లైన్లు, ప్రెషర్ తగ్గించే వాల్వు, మెషిన్, ట్రాప్, తిరుగు పైపు, మళ్ళీ ఫీడ్ ట్యాంకు. గీత ఎక్కడ మొదలైందో అక్కడికే రావాలి. ఎక్కడైనా తెగిపోయిందంటే, నీళ్ళు మురుక్కాలువలోకి పోతున్న చోటు అదే. దాన్ని ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.

కొన్ని చోట్ల ఆ గీత తెగక తప్పదు. గూళ్ళు ఉడికే తొట్టిలోకి చిల్లుల పైపుతో నేరుగా వదిలిన ఆవిరి తిరిగి రాదు. బట్టల మీద ఇస్త్రీ పెట్టె ఊదే ఆవిరి కూడా అంతే. డెయిరీలో పాలు వేడిచేసే ప్లేట్ల వెనక ఆవిరి మాత్రం పాలను తాకదు కనుక దాని నీరంతా వెనక్కి తెచ్చుకోవచ్చు. మీ ఫ్యాక్టరీలో ఏ ఆవిరి తిరిగి వస్తుంది, ఏది రాదు అన్నది తేల్చుకుంటే, రోజూ ఎంత కొత్త నీరు పోయాలో తెలుస్తుంది. మిగిలిన లెక్కలన్నీ ఆ కొత్త నీటి నుంచే పుడతాయి.

3. నీటిని సిద్ధం చేయండి

ఈ ప్రాంతంలో బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగుతాయి. అంత లోతు నుంచి వచ్చే గట్టి నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. వాటిని అలాగే బాయిలర్‌కు పోస్తే గొట్టాల మీద సున్నపు పెచ్చు కడుతుంది. పెచ్చు వేడిని అడ్డుకుంటుంది, మంట పెంచాల్సి వస్తుంది, లోహం వేడెక్కుతుంది, చివరికి గొట్టం ఉబ్బి పగులుతుంది. చిన్న యూనిట్లలో బాయిలర్ పాడైందంటే నేను మొదట అడిగేది సాఫ్ట్‌నర్ గురించే.

సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ గింజలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని, బదులుగా సోడియం వదులుతాయి. కొంతకాలానికి గింజలు నిండిపోతాయి. అప్పుడు ఉప్పునీళ్ళు పోసి వాటిని మళ్ళీ సిద్ధం చేయాలి. ఇన్ని రోజులకోసారి అని పెట్టుకోవడం కంటే, పరీక్ష చేసి పెట్టుకోవడం మంచిది. టెస్ట్ కిట్‌లో సాఫ్ట్‌నర్ దాటిన నీళ్ళు తీసి చుక్క వేస్తే, నీలం రంగు వస్తే మెత్తటి నీరు, గులాబీ ఎరుపు వస్తే గట్టిదనం దాటి వస్తోందని అర్థం. షిఫ్టుకోసారి ఈ పరీక్ష చేసి లాగ్ బుక్‌లో రాయండి. రెండు నిమిషాల పని.

కొత్తవాళ్ళు ఇక్కడే ఒకటి తప్పుగా అర్థం చేసుకుంటారు. సాఫ్ట్‌నర్ గట్టిదనాన్ని తీస్తుంది, టీడీఎస్‌ను తీయదు. కాల్షియం పోయి సోడియం వచ్చింది, అంతే. కరిగిన లవణాల మొత్తం అలాగే ఉంది. ఆవిరి వెళ్ళిపోయే కొద్దీ ఆ లవణాలు బాయిలర్‌లో చిక్కబడతాయి. ఒక హద్దు దాటితే నీళ్ళు నురగలు కట్టి, ఆవిరితో పాటు లైన్‌లోకి వెళ్తాయి. గార్మెంట్ ఫ్యాక్టరీలో తెల్ల చొక్కా మీద ఇస్త్రీ మరక పడితే, ఇస్త్రీ మనిషిని తిట్టే ముందు బాయిలర్ టీడీఎస్ చూడాలి.

అందుకే బాయిలర్ అడుగు నుంచి కొంత నీటిని వదిలేస్తాం. అదే బ్లోడౌన్. ఎంత వదలాలో లెక్క కట్టవచ్చు. లోపలికి పోసే నీటి టీడీఎస్ 600, బాయిలర్‌లో మీరు పెట్టుకున్న హద్దు 3000 అనుకుందాం. 600ను 3000 మైనస్ 600తో భాగిస్తే 25 శాతం. అంటే గంటకు 1000 కిలోల ఆవిరికి 250 కిలోల మరిగే నీరు వదిలేయాలి. అదే ఫీడ్ నీటిలో సగం వెనక్కి వచ్చిన కండెన్సేట్ (ఆవిరి చల్లబడి దిగిన నీరు) అయితే, అందులో లవణాలు ఇంచుమించు ఉండవు కనుక ఫీడ్ టీడీఎస్ 300కు దిగుతుంది. అప్పుడు 300ను 2700తో భాగించండి: 11 శాతం. వదిలే నీరు సగానికంటే కిందికి పడింది. నేరుగా తొట్టిలోకి ఆవిరి వదిలే పట్టు యూనిట్‌లో ఏదీ తిరిగి రాదు కనుక ఈ నష్టం పూర్తిగా పడుతుంది. అలాంటి చోట కొత్త నీటికి ఆర్వో పెట్టడం గురించి యజమానితో లెక్కలు చూపించి మాట్లాడటం మంచిది.

4. బాయిలర్ ముందు నిలబడండి

ఇక్కడి చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించేది షెల్ బాయిలర్. గొట్టాల లోపల నిప్పు, పొగ వెళ్తాయి, చుట్టూ నీళ్ళుంటాయి. పెద్ద పవర్ ప్లాంట్లలో దీనికి తిరగేసి, గొట్టాల లోపల నీళ్ళు, బయట మంట. నీలగిరి కట్టెలు, వేరుశనగ పొట్టు బ్రికెట్లు, డీజిల్, గ్యాస్: ఏది కాల్చినా సూత్రం ఒక్కటే. తడి కట్టె కాల్చకండి. చిమ్నీ దగ్గర పొగ ఉష్ణోగ్రత రోజూ రాయండి. అది నెమ్మదిగా పెరుగుతూ పోతోందంటే గొట్టాల్లో మసి పట్టిందో, నీళ్ళ వైపు పెచ్చు కట్టిందో తేల్చుకోవాలి. పొగ 22 డిగ్రీలు తగ్గితే ఇంధనం 1 శాతం మిగులుతుందని ఇంధన పొదుపు నిపుణుల లెక్క.

బాయిలర్‌కు బిగించిన ప్రతి పరికరం పేరూ మీకు నోటికి రావాలి. ప్రెషర్ గేజ్, దాని కింద వంపు తిరిగిన సైఫన్ గొట్టం. సేఫ్టీ వాల్వు. ఫీడ్ చెక్ వాల్వు. బ్లోడౌన్ వాల్వు. నీటి మట్టాన్ని చూసి పంపును నడిపించే మోబ్రే. అన్నింటికంటే ముఖ్యమైనది గేజ్ గ్లాస్. ఆ గాజు గొట్టంలో నీరు ఎక్కడుందో చూడకుండా షిఫ్ట్ తీసుకోకండి. గాజులో నీళ్ళు కనబడినంత మాత్రాన నమ్మకండి, కింది దారి మూసుకుపోయినా పాత నీరు అలాగే నిలిచి కనబడుతుంది. షిఫ్టుకోసారి డ్రెయిన్ తెరిచి, స్టీమ్ కాక్‌ను, వాటర్ కాక్‌ను విడివిడిగా ఊదించి, మూయగానే నీరు చురుగ్గా లేస్తోందో లేదో చూడండి.

గాజులో నీళ్ళు అసలు కనబడకపోతే ఏం చేయాలో ఇప్పుడే బట్టీ పట్టండి. పంపు వేయకండి. మంట ఆపండి, గాలి ఫ్యాన్లు ఆపండి, చుట్టుపక్కల మనుషుల్ని దూరంగా పంపండి, ఇంచార్జికి చెప్పండి, దానంతట అది చల్లారనివ్వండి. ఎర్రగా కాలిన లోహం మీద నీళ్ళు పడితే లీటరు నీరు 1600 లీటర్లకు పైగా ఆవిరై ఒక్కసారిగా వ్యాపిస్తుంది. ఈ పొరపాటే మనుషుల ప్రాణాలు తీసింది. ప్రొడక్షన్ ఆగిపోతుందని ఎవరు తొందరపెట్టినా సరే, ఈ క్రమం మార్చకండి.

5. లైన్‌లోకి ఆవిరి వదలండి, నెమ్మదిగా

పొద్దున చల్లారిన లైన్‌లో రెండు ఉంటాయి: రాత్రి దిగిన నీళ్ళు, పైపు నిండా గాలి. రెండింటినీ పంపాకే ఆవిరికి దారి. ముందు లైన్‌లోని డ్రెయిన్లన్నీ తెరవండి. తర్వాత మెయిన్ స్టాప్ వాల్వును కొద్దిగా, చాలా కొద్దిగా తెరిచి ఆగండి. పైపు వేడెక్కాలి, సాగాలి, నీళ్ళు డ్రెయిన్‌లో పోవాలి. డ్రెయిన్ నుంచి నీళ్ళు ఆగి పొడి ఆవిరి వచ్చాకే వాటిని మూసి, స్టాప్ వాల్వును పూర్తిగా తెరవాలి.

తొందరపడితే ఏమవుతుంది? ఆవిరి లైన్‌లో సెకనుకు 25 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. బళ్ళారి రోడ్డు మీద విమానాశ్రయానికి పరుగెత్తే కారు వేగమది. పైపు కుంగిన చోట నిలిచిన నీటిని ఆవిరి ఆ వేగంతో ఎత్తి, ముందున్న వంపుకో వాల్వుకో కొడుతుంది. దాన్ని వాటర్ హామర్ అంటారు. పైపులో డబ్ డబ్ అని సుత్తితో కొట్టినట్టు వినబడితే అది మామూలేనని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. పోత ఇనుప వాల్వులు ఆ దెబ్బకు పగిలి, పక్కనున్నవాళ్ళ మీద ఆవిరి పడుతుంది.

హామర్ రాకుండా చేసేది పైపు వేసిన తీరు. ఆవిరి పోయే దిక్కుకు వంద మీటర్లకు మీటరు చొప్పున వాలు ఉండాలి. 30 నుంచి 50 మీటర్లకోసారి అడుగున నీళ్ళు చేరే డ్రిప్ లెగ్, దానికో ట్రాప్ ఉండాలి. మెషిన్లకు వెళ్ళే కొమ్మలు మెయిన్ పైపు పైభాగం నుంచి తీయాలి. అడుగు నుంచి తీస్తే మెషిన్‌కు వెళ్ళేది నీళ్ళే. పైపు సాగడానికి లూపులు, పైన రాక్‌వూల్ చుట్టి అల్యూమినియం రేకు. మీ గీతలో ఇవన్నీ ఉన్నాయేమో పోల్చుకోండి.

6. మెషిన్ దగ్గర ప్రెషర్ తగ్గించండి

పంపేది 7 కేజీల్లో, వాడేది మెషిన్‌కు కావలసినంత ప్రెషర్‌లో. అందుకు ప్రెషర్ తగ్గించే వాల్వు, అంటే పీఆర్‌వీ ఉంటుంది. ప్రెషర్ తగ్గితే గుప్తోష్ణం పెరుగుతుంది: 7 కేజీల దగ్గర కిలోకు దాదాపు 490 కిలోకేలరీలు, 2 కేజీల దగ్గర 517. పీఆర్‌వీకి ముందు స్ట్రెయినర్, వీలైతే తేమను వేరుచేసే సెపరేటర్, తర్వాత సేఫ్టీ వాల్వు ఉండాలి. పీఆర్‌వీ చెడిపోయి 7 కేజీలూ మెషిన్ మీదికి వెళ్తే ఆపేది ఆ సేఫ్టీ వాల్వు ఒక్కటే.

ప్రెషర్ సరిగ్గా ఉంది, మెషిన్ మాత్రం వేడెక్కడం లేదు అన్న ఫిర్యాదు వస్తే గాలిని అనుమానించండి. గాలి, ఆవిరి కలిసి ఉన్నప్పుడు గేజ్ చూపేది రెండింటి మొత్తం. నాలుగో వంతు గాలి ఉంటే, 143 డిగ్రీలు రావలసిన చోట 133 మాత్రమే వస్తుంది. ఎయిర్ వెంట్ పనిచేస్తోందో లేదో చూడండి.

7. ట్రాప్‌ను వినండి

ట్రాప్ పని చిన్నదే: నీటిని, గాలిని వదలాలి, ఆవిరిని ఆపాలి. మెయిన్ లైన్ డ్రిప్ లెగ్‌లకు థర్మోడైనమిక్ ట్రాప్, నీరు దిగీదిగగానే పోవలసిన ప్లేట్ల, కాయిళ్ళ దగ్గర ఫ్లోట్ ట్రాప్ వాడతారు. ప్రతి మెషిన్‌కూ దాని ట్రాప్ దానికే ఉండాలి. నాలుగు మెషిన్లకు ఒకే ట్రాప్ పెడితే, ఎక్కువ ప్రెషర్ ఉన్న మెషిన్ మిగిలినవాటి నీటిని వెనక్కి నెట్టి ఆపేస్తుంది. ఖర్చు మిగిలిందనుకుంటారు గానీ, మూడు మెషిన్లు నీళ్ళలో మునిగి నడుస్తాయి.

ట్రాప్ రెండు రకాలుగా పాడవుతుంది. మూసుకుపోతే చల్లగా ఉంటుంది, మెషిన్ వేడెక్కదు. అలాంటి దాన్ని ఎవరో ఒకరు ఆ రోజే పట్టుకుంటారు. తెరుచుకుని ఉండిపోతే మెషిన్ బాగానే నడుస్తుంది, ఫిర్యాదు రాదు, ఆవిరి మాత్రం రాత్రీపగలూ తిరుగు పైపులోకి పోతుంటుంది. నెలల తరబడి డబ్బు తినేది ఈ రెండోదే. లిజనింగ్ రాడ్ కొనను ట్రాప్ మీద ఆనించి వినండి. మంచి థర్మోడైనమిక్ ట్రాప్ టక్, కాసేపు ఆగి టక్ అంటుంది. ఆగకుండా గలగలా అంటుంటే అది పోయింది. ప్రతి ట్రాప్‌కూ నంబరు పెట్టి, నెలకోసారి విని రాయండి.

8. నీటిని వెనక్కి తెచ్చుకోండి

7 కేజీల దగ్గర దిగిన కండెన్సేట్ బయటి ప్రెషర్‌లోకి రాగానే 13 శాతం మళ్ళీ ఆవిరవుతుంది. తిరుగు పైపు దగ్గర కనబడే ఆ ఆవిరిని చూసి ట్రాప్ పోయిందని తొందరపడకండి. దీన్ని ఫ్లాష్ స్టీమ్ అంటారు. పెద్ద ఫ్యాక్టరీల్లో దాన్నీ పట్టి వాడుకుంటారు.

వెనక్కి తెచ్చిన వేడి నీటి విలువ ఇదీ. ఫీడ్ నీరు 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం 1 శాతం మిగులుతుంది. బాయిలర్ మీద గంటకు 1000 కిలోలు అని రాసి ఉంటే, అది 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరి చేసే సామర్థ్యం. 30 డిగ్రీల నీళ్ళు పోసి 7 కేజీల ఆవిరి తీస్తే నిజంగా వచ్చేది 855 కిలోల దరిదాపు. 80 డిగ్రీల నీళ్ళు పోస్తే 930. కొత్త బాయిలర్ కొనకుండానే 75 కిలోలు పెరిగాయి. పైగా వేడి నీటిలో కరిగిన ఆక్సిజన్ తక్కువ, తుప్పు తక్కువ. అయితే ఈ ఎత్తులో నీరు 97కే మరుగుతుంది కనుక, ట్యాంకును 85 దాటించాలంటే దాన్ని పంపు కంటే బాగా ఎత్తులో పెట్టాలి. లేకపోతే పంపులోనే నీరు ఆవిరై పంపు గరగరలాడుతుంది.

9. కాగితాలు చూడండి

25 లీటర్లు, ఆపైన సామర్థ్యం ఉండి, ప్రెషర్‌లో ఆవిరి తయారుచేసే బాయిలర్లు చట్టం కిందికి వస్తాయి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టం తెచ్చింది. కర్ణాటకలో తనిఖీలు ఫ్యాక్టరీలు, బాయిలర్ల శాఖ చేతిలో ఉంటాయి. సర్టిఫికెట్ మీద రాసిన ప్రెషర్ దాటి నడపకూడదు, గడువు తీరాక నడపకూడదు. 25 లీటర్ల లోపు చిన్న బాయిలర్లను నాన్ ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ కిందికి రానివి) అంటారు. హోటళ్ళలో, గార్మెంట్ యూనిట్లలో ఇవి ఎక్కువ. చట్టం మినహాయించింది గానీ, 170 డిగ్రీల ఆవిరి అక్కడా 170 డిగ్రీలే. గేజ్, సేఫ్టీ వాల్వు, నీటి పరీక్ష వాటికీ అంతే శ్రద్ధగా చూడాలి.

బాయిలర్ అటెండెంట్‌గా రెండో తరగతి, మొదటి తరగతి సర్టిఫికెట్లు ఉన్నాయి. ఈ పనిలో ఉండాలనుకుంటే రెండో తరగతి పరీక్షకు కావలసిన అనుభవాన్ని మొదటి రోజు నుంచే కాగితం మీద పెట్టించుకోండి, యజమాని సంతకం తీసుకోండి. ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా, అర్హత ఉన్న అటెండెంట్ పక్కన లేకుండా బాయిలర్ అంటించమని ఎవరు చెప్పినా అంటించకండి.